ఆటలమ్మ వచ్చిపోయేదే అన్న వాదానికి ఖండన

ఆటలమ్మ పసితనంలో వచ్చిపోయే చిన్న జబ్బేననీ, దానికి టీకా వేయించడం పట్నాల్లో పెద్దాసుపత్రుల చుట్టూ తిరగగలిగిన కుటుంబాల ముచ్చటే తప్ప ప్రభుత్వం తలకెత్తుకోవలసిన పని కాదనీ ఒక అభిప్రాయం తెలుగునాట చాలాకాలంగా పాతుకుపోయి ఉంది. దీన్ని చదువురానివారి అపోహగా కొట్టిపారేయడానికి లేదు. ప్రజారోగ్యం గురించి ఆలోచించేవారిలో కూడా చాలామంది ఇదే మాటను కాస్త మర్యాదైన భాషలో, ‘ప్రాధాన్య క్రమం’ అనే పేరుతో చెబుతారు. 1985లో మొదలైన సార్వత్రిక టీకాల కార్యక్రమం కింద కేంద్ర ప్రభుత్వం ఎన్నో వ్యాధులకు ఉచితంగా టీకాలు ఇస్తుండగా ఆ పట్టికలో ఆటలమ్మ లేదు. అదే దేశంలో పిల్లల వైద్యుల సంఘమైన భారతీయ శిశువైద్య అకాడమీ మాత్రం ప్రతి బిడ్డకూ రెండు మోతాదుల ఆటలమ్మ టీకా వేయించాలని సిఫారసు చేస్తోంది. కాబట్టి నారాయణపేట జిల్లా కోస్గిలో అంగన్‌వాడీ కేంద్రం దగ్గర ఏఎన్‌ఎం నింపే కార్డు ఒకటి, అక్కడికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరాన హైదరాబాదులోని ప్రైవేటు ఆసుపత్రి నింపే కార్డు మరొకటి; రెండో కార్డులో ఉండి మొదటి కార్డులో లేని గళ్లలో ఆటలమ్మ గడి ఒకటి.

ఈ తేడాను సమర్థించేవారు చెప్పే మొదటి కారణం జబ్బు తేలికపాటిదన్నదే. ఆటలమ్మను కలిగించేది వారిసెల్లా జోస్టర్ అనే వైరస్. ఒంటిమీద నీటిపొక్కులు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, లేచిన పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా రోగి శ్వాస వల్లా, పొక్కుల్లోని రసి వల్లా అది ఇతరులకు సోకుతుంది. వైరస్ ఒంట్లో చేరిన 10 నుంచి 21 రోజులకు జబ్బు బయటపడుతుంది. ఇంట్లో ఒకరికి వస్తే, అంతకుముందు రానివారిలో పదిమందికి తొమ్మిదిమంది దాకా దీని బారిన పడతారు. ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లల్లో ఎక్కువమందికి వారం పది రోజుల జ్వరం, దురద, కొన్ని మచ్చలతో ఇది ముగిసిపోతుందన్న మాటలో అబద్ధం లేదు. ఈ తేలికతనపు ప్రతిష్ఠలో కొంత భాగం మశూచి చలవే. ఒకే తీరుగా పొక్కులు లేచే రెండు జబ్బుల్లో ఒకటి ప్రాణాలు తీసేది, కళ్లు పోగొట్టేది. రెండోది సాధారణంగా విడిచిపెట్టేది. మశూచి నిర్మూలన చివరి దశలో ఆరోగ్య సిబ్బంది పొక్కులున్న ప్రతి రోగినీ వెతికి చూసేటప్పుడు అది ఆటలమ్మేనని తేలడం శుభవార్త. 1975లో దేశంలో చివరి మశూచి కేసు నమోదై, 1977లో భారతదేశం ఆ వ్యాధి నుంచి విముక్తమైనట్టు ప్రకటన వెలువడ్డాక కూడా ఆ పోలిక మనసుల్లో మిగిలింది. పోల్చి చూడడానికి మశూచి లేని కాలంలో సైతం ఆటలమ్మను మశూచి పక్కన నిలబెట్టే కొలుస్తున్నారు.

జబ్బు తీవ్రతను ఒక్కో రోగి లెక్కన చూడడం వైద్యుడి పని, ఎంతమందికి వస్తుందో దానితో గుణించి చూడడం ప్రజారోగ్యం పని. దాదాపు ప్రతి మనిషికీ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే జబ్బులో వెయ్యిమందికో పదివేలమందికో ఒకరికి తలెత్తే ప్రమాదం కూడా, ఏటా రెండు కోట్లకు పైగా పిల్లలు పుట్టే దేశంలో చిన్న సంఖ్యగా మిగలదు. పొక్కులు గోకడం వల్ల స్ట్రెప్టోకాకస్, స్టెఫైలోకాకస్ వంటి బ్యాక్టీరియా చర్మంలోకి దూరి చీము పట్టించి నెత్తురుకు ఎక్కడం, ఊపిరితిత్తుల వాపు, మెదడువాపు, నడకలో తూలుడు తెచ్చే చిన్నమెదడు వాపు దీనివల్ల కలిగే చిక్కుల్లో ప్రధానమైనవి. ఆసుపత్రిలో చేర్చవలసినంత తీవ్రమైన కేసులు ప్రపంచవ్యాప్తంగా ఏటా 42 లక్షలు, మరణాలు 4,200 ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో వేసిన అంచనా. అది తక్కువలో తక్కువ లెక్క అని ఆ సంస్థే చెప్పుకుంది. తట్టు, కోరింతదగ్గు తీసే ప్రాణాలతో పోలిస్తే ఇది చిన్నదే. అయితే 1995లో టీకా ప్రవేశపెట్టిన అమెరికాలో, అంతకుముందు ఇదే ‘తేలికపాటి’ జబ్బు ఏటా సుమారు 40 లక్షలమందికి వచ్చి, పదివేలమందికి పైగా ఆసుపత్రి పాలై, వంద నుంచి నూటయాభైమంది దాకా చనిపోయేవారు. వారిలో ఎక్కువమంది అంతకుముందు ఏ అనారోగ్యమూ లేనివారే. టీకా వచ్చిన తొలి పాతికేళ్లలో 9 కోట్లకు పైగా కేసులు, రెండు లక్షలకు పైగా ఆసుపత్రి చేరికలు, సుమారు 2,000 మరణాలు తప్పాయని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం లెక్కగట్టింది.

ఇది పిల్లల జబ్బేనన్న నమ్మకం చలిదేశాల పాఠ్యపుస్తకాల నుంచి దిగుమతి అయింది. ఆ దేశాల్లో పదేళ్లు నిండేలోపే దాదాపు అందరికీ ఆటలమ్మ వచ్చిపోతుంది. ఉష్ణమండల దేశాల్లో అలా జరగదు. వేడికి ఈ వైరస్ ఎక్కువసేపు నిలవలేకపోవడం, పల్లెల్లో జనం దూరదూరంగా ఉండడం వంటి కారణాలు చెబుతారు. కారణం ఏదైనా, ఇక్కడ గణనీయమైన సంఖ్యలో యువతీయువకులు ఆటలమ్మ రాకుండానే పెద్దవారవుతారు. చిన్నతనంలో సోకనివారికి పెద్దయ్యాక సోకితే జబ్బు అలాగే తేలికగా ఉండదు. టీకా రాకముందు అమెరికాలో 1 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో లక్ష కేసులకు ఒక మరణం ఉండగా, వయోజనుల్లో లక్షకు 21 మరణాలు ఉండేవి. ‘చిన్నప్పుడు వచ్చిపోతే మంచిదే’ అనే సామాన్యుల మాటలోనే ఈ సత్యం దాగి ఉంది. చిన్నప్పుడు రానివారి సంగతి ఏమిటన్న ప్రశ్న మాత్రం ఆ మాట అనేవారు వేసుకోరు.

పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాకు ఈ ప్రశ్న కొత్తగా వేయనక్కర్లేదు. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా ఏర్పడేదాకా కోస్గి మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేది. కోస్గి, మద్దూరు, కొడంగల్, నారాయణపేట ప్రాంతాల నుంచి ముంబై, పూణే, హైదరాబాదు వైపు సాగే వలస తరాల నాటిది. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఆలుమగలు, పిల్లలు కలిసి బయలుదేరి, కట్టడాల పక్కన రేకుల షెడ్లలో గాలి ఆడని గదుల్లో పదిమంది కలిసి పడుకునే ఆ బతుకు ఆటలమ్మ వైరస్‌కు ఎంత అనువైనదో వేరే చెప్పనక్కర్లేదు. పైగా ఈ జబ్బు మన దేశంలో ఎక్కువగా విజృంభించేది చలికాలం చివర నుంచి ఎండలు ముదిరే వరకు. వానకాలపు పంట చేతికొచ్చాక వలసపోయినవారు పనిచోట ఉండేదీ ఆ నెలల్లోనే. దూరదూరంగా విసిరేసినట్టున్న తండాలో, పల్లెలో పెరిగి పాతికేళ్ల దాకా వైరస్ తగలని కూలీ మనిషికి మొదటిసారి అది తగిలేది ఆ షెడ్డులోనే. అక్కడ జబ్బుపడితే పది పదిహేను రోజులు పనికి పోవడానికి ఉండదు, తోటివారు దగ్గరికి రానివ్వరు, అడ్వాన్సు మీద రోజులు మాత్రం లెక్కపడుతూనే ఉంటాయి. జబ్బు ముదిరితే హైదరాబాదులో ఉన్నవారు నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రికి, అంటే జనం ఇప్పటికీ కోరంటి దవాఖాన అనే చోటికి పోతారు. ఊరు కాని ఊళ్లో భాష రాని చోట ఉన్నవారు మందుల దుకాణంలో ఏదో మాత్ర అడిగి సరిపెట్టుకుంటారు. ఆటలమ్మతో ఉన్న పిల్లలకు జ్వరానికని ఆస్పిరిన్ ఇస్తే కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే రై సిండ్రోమ్ అనే అరుదైన ప్రాణాపాయం కలగవచ్చునన్న సంగతి ఆ దుకాణంలో ఎవరు చెబుతారు?

గర్భిణుల విషయంలో జబ్బు తేలికదన్న వాదం మరింత బలహీనపడుతుంది. గర్భం దాల్చిన తొలి 20 వారాల్లో తల్లికి ఆటలమ్మ వస్తే నూటికి రెండు వరకు శిశువుల్లో చర్మం, కాళ్లుచేతులు, కళ్లు, మెదడు దెబ్బతినే అవకాశం ఉంది. ప్రసవానికి ఐదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత దాకా తల్లికి పొక్కులు లేస్తే, తల్లి ఒంట్లో ప్రతిరక్షకాలు తయారై బిడ్డకు చేరే వ్యవధి ఉండదు కాబట్టి పుట్టిన బిడ్డకు వచ్చే జబ్బు ప్రాణాంతకం కావచ్చు. తల్లికి కూడా ఊపిరితిత్తుల వాపు ముప్పు ఉంటుంది. జబ్బు తేలికదన్నవారు ఇక్కడ రుబెల్లా సంగతి గుర్తు చేసుకోవాలి. రుబెల్లా పిల్లల్లో ఆటలమ్మ కంటే తేలికైనది. చాలామందికి వచ్చిన సంగతే తెలియదు. అయినా 2017 ఆగస్టులో తెలంగాణ అంతటా బడులకు వెళ్లి 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలకు తట్టు–రుబెల్లా టీకా వేశారు. ఆ పిల్లలను రుబెల్లా నుంచి కాపాడడం కంటే, రేపు పుట్టబోయే శిశువును చెవుడు, గుడ్డితనం, గుండెజబ్బు నుంచి కాపాడడమే ఆ పని ఉద్దేశం. గర్భస్థ శిశువుకు రుబెల్లా చేసే హాని ఆటలమ్మ చేసేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువన్నది నిజమే కాబట్టి రెండింటినీ ఒకే తూకంలో పెట్టడం కుదరదు. కానీ రోగికి జబ్బు తేలికగా ఉంటుందన్న ఒక్క కారణంతో టీకాను పక్కన పెట్టకూడదన్న సూత్రాన్ని ప్రభుత్వం 2017లోనే ఒప్పుకుంది. ఒప్పుకున్న సూత్రాన్ని ఆటలమ్మ దగ్గర మరచిపోవడానికి వేరే కారణం చూపించాలి.

సంప్రదాయం పేరుతో వచ్చే అభ్యంతరం మీద ఎక్కువసేపు నిలవనక్కర్లేదు. అమ్మవారు పోసిందని పోచమ్మను తలుచుకుని, గుమ్మానికి వేపాకు కట్టి, ఇంట్లో తాలింపు మానేసి, పొక్కులు వాడాక పసుపు, వేపాకు వేసిన నీళ్లు పోసే ఆచారాన్ని ఎగతాళి చేసి టీకాకు ప్రచారం చేద్దామనుకునేవారు ప్రజలనూ ఎరగరు, ఆచారాన్నీ ఎరగరు. రోగిని విడిగా ఉంచి, బయటివారిని రానివ్వని ఆ పద్ధతిలో వ్యాధి వ్యాప్తిని తగ్గించే వివేకం కొంత ఉంది. చిక్కు ఎక్కడంటే, పొక్కు లేవకముందే అంటుకునే జబ్బును పొక్కు లేచాక కట్టే వేపాకు ఆపలేదు. ఆయాసమో, మత్తుగా పడి ఉండడమో కనిపించినా నీళ్లు పోసేదాకా మందు కూడదన్న పట్టింపు ఉన్న ఇళ్లలో ఆసుపత్రికి చేరే వేళ దాటిపోతుంది. తట్టు కూడా అమ్మవారిగా పూజలందుకున్నదే. తట్టు టీకాను ఈ ప్రాంతపు తల్లులు కాదనలేదు. పోచమ్మ బోనాలూ ఆగలేదు.

చదువుకున్నవారు వేసే అభ్యంతరం ఇంతకంటే పదునైనది. ఆటలమ్మ తగ్గిన తర్వాత వైరస్ చచ్చిపోక వెన్నుపాము పక్కనున్న నాడీ కణాల్లో నిద్రపోయి, వయసు మళ్లాక లేచి నడుము చుట్టూనో ముఖం మీదో మంటపుట్టించే పొక్కుల పట్టీగా బయటపడుతుంది. దాన్నే సర్పి అంటారు. చుట్టూ ఉన్న పిల్లలకు ఆటలమ్మ వస్తూంటే పెద్దల రోగనిరోధక శక్తికి అప్పుడప్పుడూ పదును పెట్టినట్టయి సర్పి అణగి ఉంటుందని, బ్రిటన్‌లో పల్లె వైద్యం చేసిన హోప్ సింప్సన్ 1965లో ప్రతిపాదించాడు. పిల్లలకు టీకా వేస్తే పెద్దల్లో సర్పి పెరుగుతుందన్న భయంతో బ్రిటన్ చాలాకాలం ఈ టీకాను పట్టికలో చేర్చలేదు. ‘బ్రిటనే వేయడం లేదు’ అన్నది ఇక్కడి వాదనల్లో తిరుగులేని అస్త్రంగా చెలామణి అయింది. అమెరికా అనుభవం ఆ అస్త్రాన్ని మొద్దుబార్చింది. అక్కడ సర్పి కేసులు టీకా రాకముందే పెరుగుతూ వచ్చాయి, టీకా వచ్చాక ఆ పెరుగుదల వేగం అందుకోలేదు, టీకా పడిన పిల్లల్లో సర్పి బాగా తగ్గింది. బ్రిటన్ టీకాల సలహా సంఘం 2023 నవంబరులో తన పాత అభిప్రాయాన్ని మార్చుకుని రెండు మోతాదులకు సిఫారసు చేసింది. 2026 జనవరి నుంచి ఇంగ్లండులో తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకాతో కలిపి ఇది ఇస్తున్నారు. బ్రిటన్ మారింది కాబట్టి మనమూ మారాలన్న వాదన కూడా అంత గొప్పదేమీ కాదు. పెద్దల సర్పిని అణచి ఉంచడానికి పిల్లలకు ఆటలమ్మ వస్తూండాలి అనడం, ఒక తరం ఆరోగ్యానికి ఇంకో తరం ఒంటితో చెల్లు వేయడమే.

ఇక అసలైన అభ్యంతరానికి వద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014 నాటి తన పత్రంలో ఒక హెచ్చరిక చేసింది: పిల్లల్లో కనీసం 80 శాతానికి టీకాను నిలకడగా అందించగల దేశాలే ఈ పనికి పూనుకోవాలి, 20 నుంచి 80 శాతం మధ్య ఆగిపోతే వైరస్ తిరుగుడు తగ్గినా ఆగదు, టీకా పడని పిల్లలు చిన్నప్పుడు తప్పించుకుని పెద్దయ్యాక దానికి దొరుకుతారు, కేసుల సంఖ్య తగ్గినా తీవ్రమైన కేసులు పెరగవచ్చు. టీకాను వ్యతిరేకించేవారు ఈ హెచ్చరికను చేతపట్టుకుని, ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 12–23 నెలల పిల్లల్లో ప్రాథమిక టీకాలన్నీ పడినవారు సుమారు 79 శాతమేనని చూపిస్తారు. ఆ 79 శాతం ఒక్క టీకా కూడా తప్పనివారి లెక్క. విడివిడిగా ఒక్కో టీకా అందినవారు అంతకంటే తక్కువ ఉండే వీలే లేదు. పైగా ఆ సర్వే తర్వాత మెరుగుపడడానికి అవకాశం లేదని ఎవరూ అనలేరు.

అంకెల సంగతి అలా ఉంచితే, ఈ హెచ్చరిక నిజానికి కొట్టేది ఎవరిని? ఆటలమ్మ టీకా దేశంలోకి ఎప్పుడో వచ్చేసింది. ప్రైవేటు ఆసుపత్రుల్లో ఒక మోతాదు దాదాపు రెండు వేల రూపాయలకు దొరుకుతోంది, స్తోమత ఉన్నవారు వేయించుకుంటున్నారు, ఆ సంఖ్య ఏటేటా పెరుగుతోంది. 2025–26లో తెలంగాణకు ప్రకటించిన ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. రెండు మోతాదుల ఖర్చు ఒక కూలీకి దాదాపు పదమూడు రోజుల కష్టం, ఆసుపత్రికి పోయివచ్చే దారిఖర్చు వేరే. అంటే టీకా వేయాలా వద్దా అన్న నిర్ణయం ప్రభుత్వం తీసుకోకపోయినా బజారు తీసేసుకుంది. తీసుకున్న తీరు కూడా నిపుణులంతా కూడదన్న తీరే. నగరాల్లో సగం మంది పిల్లలకు టీకా పడి వైరస్ తిరుగుడు నెమ్మదించే రోజున, ఆ నగరాల పక్కనే బతికే వలసకూలీల పిల్లలకు ఐదేళ్లకు రావలసిన జబ్బు పద్దెనిమిదేళ్లకో ఇరవై ఐదేళ్లకో వస్తుంది. టీకా వేయించుకున్న ఇల్లు తన బిడ్డను కాపాడుకోవడంలో తప్పు లేదు, ఆ కాపుదల భారం మోసేది మాత్రం కోస్గి నుంచి బస్సెక్కి పోయిన గర్భిణి. ‘ప్రభుత్వం జోక్యం చేసుకోకపోతే ఉన్నది ఉన్నట్టే ఉంటుంది’ అన్న ఊహ మీదే ప్రాధాన్య క్రమపు వాదం మొత్తం నిలబడి ఉంది. ఆ ఊహకు ఆధారం లేదు.

టీకా వేసుకోలేనివారి సంగతీ ఇక్కడే వస్తుంది. ఇది బలహీనపరచిన సజీవ వైరస్‌తో చేసే టీకా కాబట్టి గర్భిణులకూ, రక్త క్యాన్సర్‌కు మందులు వాడుతున్న పిల్లలకూ వేయరు. వారిని ప్రధానంగా కాపాడేది చుట్టూ ఉన్నవారి రోగనిరోధక శక్తే. జపాన్ వైద్యుడు మిచియాకి తకాహాషి తన కొడుకు ఆటలమ్మతో తీవ్రంగా బాధపడడం చూసి, ఓకా అనే ఇంటిపేరున్న పిల్లవాడి పొక్కుల్లోంచి తీసిన వైరస్‌ను బలహీనపరచి 1974లో ఈ టీకాను ప్రకటించిన తొలినాళ్లలో దాని ఉపయోగం ప్రధానంగా ఆసుపత్రుల్లో ఉన్న బలహీన పిల్లల కోసమే ఆలోచించారు. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి జిల్లాల నుంచి వచ్చే పిల్లలు ఇంటికి తిరిగి వెళ్లేది కార్డులో ఆటలమ్మ గడి లేని పల్లెలకే.

డబ్బు గురించిన అభ్యంతరానికి హైదరాబాదే జవాబు చెప్పింది. రోటా వైరస్ విరేచనాల టీకా ప్రైవేటులో ఖరీదైనదిగా ఉన్న కాలంలో, జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ సంస్థ ప్రభుత్వానికి మోతాదు ఒక డాలరుకే ఇస్తానని 2013లో ప్రకటించింది. 2016లో అది జాతీయ కార్యక్రమంలో చేరింది. ప్రైవేటు బిల్లు మీది ధరతో ప్రభుత్వ ఖర్చు లెక్కవేయడం రేషన్ బియ్యం ఖర్చును హోటల్ భోజనం ధరతో లెక్కవేసినట్టుంటుంది. అతిచల్లని నిల్వ కావాలన్న వాదం కూడా నిలవదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిల్వ ఉండే ఆటలమ్మ టీకాలు ఉన్నాయి, ఆ చలువపెట్టెలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. 16–24 నెలల మధ్య తట్టు–రుబెల్లా రెండో మోతాదుకు బిడ్డను తెచ్చినప్పుడే ఇంకో తొడకో చేతికో దీన్ని వేయవచ్చు; కొత్త సిబ్బంది, కొత్త రోజు అక్కర్లేదు. ఆ రెండో మోతాదే అందని ఊళ్లలో ముందు దాన్ని సరిదిద్దాలన్నవారి మాట పూర్తిగా న్యాయమైనది. ఆటలమ్మ టీకా కోసం తట్టు టీకాను వెనక్కి నెట్టడం నేరమవుతుంది. అయితే తట్టు టీకా అందినచోట ఆటలమ్మ టీకా ఎందుకు ఆగాలో ఆ న్యాయం చెప్పదు.

చివరికి వ్యతిరేకులు ఆధారాలు లేవంటారు. వ్యాధుల నిఘా వ్యవస్థ వారపు నివేదికల్లో ఆటలమ్మ కనిపించేది ఒకేచోట చాలామందికి వచ్చినప్పుడే. ఇంట్లో వచ్చి ఇంట్లో పోయిన కేసు, ముంబై షెడ్డులో ముదిరిన కేసు ఏ దస్త్రానికీ ఎక్కవు. చిన్న జబ్బు కాబట్టి లెక్కించరు, లెక్క లేదు కాబట్టి చిన్నదంటారు. ఈ ముడి విప్పడం కష్టమైన పనేమీ కాదు. ఐదో తరగతిలో గురుకులాల్లో, ఆరో తరగతిలో కస్తూర్బా విద్యాలయాల్లో చేరే పిల్లలకు ఆటలమ్మ వచ్చిందా లేదా అని ప్రవేశ పత్రంలోనే నమోదు చేసి, కొందరి రక్తంలో ప్రతిరక్షకాలను పరీక్షిస్తే ఆ వయసుదాకా ఎంతమంది దీనికి లోనుకాకుండా ఉన్నారో ఏడాదిలో తెలుస్తుంది. వందలమంది ఒకే కప్పు కింద పడుకునే ఆ హాస్టళ్లలో, జబ్బు ఇంకా రానివారికి రెండు మోతాదులు వేసి మొదలుపెట్టవచ్చు; జాతీయ పట్టిక మారేదాకా ఆగనక్కర్లేదు, ఢిల్లీ ప్రభుత్వం టైఫాయిడ్ టీకాను జాతీయ పట్టికలో లేకున్నా తన ఖర్చుతో పిల్లలకు ఇచ్చింది. అక్కడి నుంచి అంగన్‌వాడీ కార్డులోకి ఆటలమ్మ గడి రావడానికి ఎన్నేళ్లు పడుతుందన్నది 80 శాతాన్ని నిలబెట్టగలమన్న నమ్మకం మీద ఆధారపడి ఉంటుంది. ఆ నమ్మకం లేనంతకాలం, టీకాను బజారులో స్వేచ్ఛగా పెరగనివ్వడం ఎలా సమర్థనీయమో చెప్పవలసిన బాధ్యత వ్యతిరేకులదే.